కోర్టు కాగితాల్లోంచి పుట్టిన సినిమాలు

2010లో వచ్చిన ‘ద సోషల్ నెట్‌వర్క్’ సినిమా ఒక బార్‌లో మొదలవుతుంది. హార్వర్డ్ విద్యార్థి మార్క్ జుకర్‌బర్గ్, ఎరికా ఆల్‌బ్రైట్ అనే అమ్మాయి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటారు. కొద్ది నిమిషాల్లో మాటా మాటా పెరుగుతుంది. ఆమె ఇక నీతో కుదరదని చెప్పి వెళ్ళిపోతుంది. అతను కోపంతో హాస్టల్ గదికి చేరి, ఆ రాత్రే ఒక వెబ్‌సైట్ తయారు చేస్తాడు. సినిమా లెక్కలో ఫేస్‌బుక్‌కు బీజం అక్కడ పడింది. దర్శకుడు డేవిడ్ ఫించర్ ఈ సన్నివేశాన్ని 99 టేకులు తీశారు. అంత శ్రద్ధగా తీసిన ఈ సంభాషణ నిజంగా జరిగింది కాదు. ఎరికా ఆల్‌బ్రైట్ అనే మనిషి లేదు.

ఇది చిన్న విషయమని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఫేస్‌బుక్ ఎలా పుట్టిందని ఎవరినైనా అడిగితే చాలామంది చెప్పేది ఈ సినిమా కథే. ఆపిల్, మైక్రోసాఫ్ట్‌ల తొలి రోజుల మీద ‘పైరేట్స్ ఆఫ్ సిలికాన్ వ్యాలీ’ (1999) వచ్చింది. స్టీవ్ జాబ్స్ మీద 2013లో ఒకటి, 2015లో ఒకటి వచ్చాయి. బ్రిటన్‌లో ‘మైక్రో మెన్’ (2009), స్వీడన్‌లో ‘ద ప్లేలిస్ట్’ (2022), కెనడాలో ‘బ్లాక్‌బెర్రీ’ (2023) వచ్చాయి. మనం రోజూ చేతిలో పట్టుకునే వస్తువుల చరిత్రను జనం ఇప్పుడు తెర మీదే నేర్చుకుంటున్నారు. కాబట్టి ఆ చరిత్ర ఎలా తయారవుతుందో కాస్త ఓపిగ్గా చూడాలి.

నా నిర్ణయం ముందే చెబుతాను. ఈ సినిమాలు కంపెనీలు పుట్టిన తీరు కంటే, వాటిని పెట్టినవాళ్ళు విడిపోయిన తీరును బాగా చెబుతాయి. దర్శకులకు శ్రద్ధ లేక ఇలా జరగడం లేదు. రచయితల చేతికి అందే ఆధారాలే అలాంటివి.

సినిమా రచయితకు మొదట కావలసింది సంభాషణ. ‘ద సోషల్ నెట్‌వర్క్’కు ఆరన్ సార్కిన్ రాసిన స్క్రిప్టు 162 పేజీలు. స్క్రిప్టులో ఒక పేజీకి తెర మీద ఒక నిమిషం పడుతుందని పరిశ్రమలో లెక్క. ఆ లెక్కన అది రెండు గంటల నలభై నిమిషాలు నడవాలి. నటులు గుక్క తిప్పుకోకుండా మాట్లాడటం వల్ల రెండు గంటల్లో ఇమిడింది. ఆ పేజీల నిండా ఉన్నది మాటలే. సాఫ్ట్‌వేర్ రాసే పనిలో ఉండనివి సరిగ్గా ఆ మాటలే. ఒక మనిషి కంప్యూటర్ ముందు పది గంటలు కూర్చుంటాడు, ఒక తప్పు పట్టుకుంటాడు, దాన్ని సరిచేస్తే ఇంకొకటి బయటపడుతుంది. ఆ పది గంటల్లో అతను నోరు విప్పకపోవచ్చు.

మరి మాటలు ఎక్కడ దొరుకుతాయి? కోర్టులో. అమెరికాలో సివిల్ దావా పడితే, విచారణకు ముందు డిపొజిషన్ అనే ప్రక్రియ ఉంటుంది. సాక్షిని ఒక గదిలో కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి, అవతలి పక్షం లాయర్లు ప్రశ్నలు వేస్తారు. జడ్జి ఉండరు. ప్రతి ప్రశ్న, ప్రతి జవాబు పొల్లుపోకుండా రికార్డవుతుంది. ఎవరు ఎప్పుడు ఏమన్నారు, ఎవరికి ఏ మెయిల్ రాశారు, ఎవరికి ఏ మాట ఇచ్చారు అనే వివరాలన్నీ తేదీలతో సహా అందులో ఉంటాయి. స్క్రిప్టు రాసేవారికి ఇంతకన్నా పెద్ద గని లేదు.

ఫేస్‌బుక్ విషయంలో ఇలాంటి దావాలు రెండు నడిచాయి. కామెరాన్, టైలర్ వింకిల్‌వాస్ అనే కవల సోదరులు, వారి భాగస్వామి దివ్య నరేంద్ర కలిసి తమ ఆలోచనను జుకర్‌బర్గ్ కాజేశాడని కోర్టుకెక్కారు. ఆ వివాదం 2008లో సుమారు 6.5 కోట్ల డాలర్ల విలువైన నగదు, షేర్లతో రాజీ అయింది. రెండోది కంపెనీ తొలి ఖర్చులకు డబ్బు పెట్టిన స్నేహితుడు ఎడ్వార్డో సావరిన్‌తో నడిచిన వ్యాజ్యం. అదీ రాజీతోనే ముగిసింది. సినిమా మొత్తాన్ని ఈ రెండు డిపొజిషన్ గదుల మధ్య అల్లారు. కథ ముందుకూ వెనక్కూ వెళ్తున్నా, ప్రతిసారీ మనం తిరిగి వచ్చేది లాయర్ల బల్ల దగ్గరికే. (దివ్య నరేంద్ర భారతీయ సంతతి అమెరికన్. ఆ పాత్రను మాక్స్ మింఘెల్లా అనే బ్రిటిష్ నటుడికి ఇచ్చారు. అప్పుడే దీన్ని కొందరు తప్పుపట్టారు. ఆ అభ్యంతరం సరైనదే.)

లాయరు అడిగే ప్రశ్నలకు ఒక స్వభావం ఉంటుంది. నువ్వు మాట ఇచ్చావా లేదా, ఆ కాగితం మీద సంతకం ఎవరిది, ఆ రోజు అబద్ధం ఎందుకు చెప్పావు అని అడుగుతారు. డేటాబేస్‌ను ఇలా ఎందుకు విడగొట్టావని అడగరు, దావాకు దానితో పనిలేదు. అందుకే రికార్డులోకి వచ్చేది తగువు పడిన విషయం మాత్రమే. నలుగురూ కలిసి చక్కగా చేసిన పని ఎంత గొప్పదైనా దానికి సాక్ష్యం ఎవరూ అడగరు. రచయిత ఆ రికార్డు ముందు పెట్టుకుని కూర్చుంటే, ఆయనకు కనిపించేది ద్రోహమే.

దీనికి తోడు, ఎవరు నోరు విప్పారన్నది కూడా కథను తిప్పేస్తుంది. సినిమాకు ఆధారమైన పుస్తకం బెన్ మెజ్‌రిక్ రాసింది. 2009లో అచ్చయింది. దానికి సమాచారం ఇచ్చినవారిలో సావరిన్ ముఖ్యుడు, జుకర్‌బర్గ్ మాట్లాడటానికి ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే డేవిడ్ కిర్క్‌ప్యాట్రిక్ అనే పత్రికా రచయిత కంపెనీ సహకారంతో ఇంకో పుస్తకం రాశారు. ఒకే కంపెనీ, అవే సంవత్సరాలు. రెండు పుస్తకాల్లో మనుషులు మాత్రం వేరుగా కనిపిస్తారు. హాలీవుడ్ మొదటిదాన్ని ఎంచుకుంది. సావరిన్ పాత్రలో ఆండ్రూ గార్ఫీల్డ్‌ను చూసి మనకు కళ్ళు చెమర్చడానికి ఆయన నటన ఎంత కారణమో, కథ ఎవరి వైపు నుంచి వచ్చిందన్నదీ అంతే కారణం.

రికార్డు ఉన్నచోట సినిమా ఎంత కచ్చితంగా ఉంటుందో కూడా చూడాలి. న్యాయంగా మాట్లాడాలంటే ఇది చెప్పకుండా దాటకూడదు. 2003 అక్టోబర్ చివర్లో జుకర్‌బర్గ్ ‘ఫేస్‌మాష్’ అనే సైట్ తయారు చేశాడు. హార్వర్డ్‌లో ఒక్కో హాస్టల్‌కు విద్యార్థుల ఫొటోలతో ఒక్కో ఆన్‌లైన్ పట్టిక ఉండేది. వాటిలోంచి ఫొటోలు లాగి, ఇద్దరిద్దరిని పక్కపక్కన పెట్టి, ఎవరు బాగున్నారో ఓటేయమనేది ఆ సైట్. ఆ రాత్రి తాను చేస్తున్న పనిని అతను తన ఆన్‌లైన్ డైరీలో గంట గంటకూ రాసుకున్నాడు. ఏ హాస్టల్ సైట్ ఫొటోలన్నీ ఒకేచోట తెరిచి పెట్టింది, ఏది వెతికితే తప్ప చూపించదు, ఎక్కడ చిన్న ప్రోగ్రాం రాసి ఫొటోలు దించుకోవాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి.

సినిమాలో ఈ రాత్రి చాలా వరకు ఆ డైరీ ప్రకారమే నడుస్తుంది. సాంకేతిక పదాలను నీరుగార్చలేదు. ప్రేక్షకుడికి అర్థం కాదేమో అని భయపడి తీసేయలేదు. సాఫ్ట్‌వేర్ పనిని తెర మీద ఇంత నమ్మకంగా చూపించిన సన్నివేశాలు అరుదు. ఓట్లను లెక్కకట్టడానికి వాడిన ఈలో పద్ధతి కూడా కనిపిస్తుంది. ఇది చదరంగం ఆటగాళ్ళకు ర్యాంకులిచ్చే సూత్రం. బలమైనవాడిని ఓడిస్తే ఎక్కువ పాయింట్లు, బలహీనుడిని ఓడిస్తే తక్కువ పాయింట్లు వస్తాయి. ఫేస్‌మాష్ కొద్ది గంటల్లోనే మూతపడింది. అప్పటికి సుమారు 450 మంది వచ్చి 22,000 సార్లు ఓటేశారని హార్వర్డ్ విద్యార్థి పత్రిక రాసింది. పని చేసినవాడు పని జరుగుతుండగానే రాసి పెట్టుకున్నాడు, కాబట్టి సినిమా పనిని చూపగలిగింది. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఆ డైరీలోనే ఒక అమ్మాయి మీద చిరాకు పడ్డ మాట కూడా ఉంది. సార్కిన్ దాన్ని పట్టుకుని, పేరు మార్చి, ఎరికా పాత్రను సృష్టించి, సినిమాను ఆమెతో మొదలుపెట్టి ఆమెతోనే ముగించారు. ఒక రాత్రి చిరాకును ఒక కంపెనీ పుట్టుకకు మూలకారణంగా నిలబెట్టారు. నాకు గట్టి అభ్యంతరం ఉన్నది ఇక్కడే. జుకర్‌బర్గ్ తర్వాత తాను పెళ్ళాడిన ప్రిసిల్లా చాన్‌ను ఫేస్‌బుక్ మొదలుకాక ముందే, 2003లోనే కలిశాడు. సినిమాలో ఆమె లేదు. తన చొక్కాల దగ్గర నుంచి అన్నీ సరిగ్గా తెచ్చారని, తాను ఈ పని ఎందుకు చేశానన్నది మాత్రం తప్పు చెప్పారని జుకర్‌బర్గ్ అప్పట్లో అన్నారు. ఆయన మాటను పూర్తిగా నమ్మాలని నేననను, ఆయనకూ తన ప్రయోజనం ఉంటుంది. సార్కిన్ మాత్రం తన నిబద్ధత సత్యానికి కాదు, కథకు అని ఒక పత్రికకు దాపరికం లేకుండా చెప్పారు. కాబట్టి ఉద్దేశం దగ్గర సినిమాను సాక్ష్యంగా తీసుకోకూడదు.

అయితే ఫేస్‌బుక్ అసలు ఎందుకు నిలదొక్కుకుంది? 2004 ఫిబ్రవరి 4న అది తెరుచుకునే నాటికి ఫ్రెండ్‌స్టర్ అనే సైట్‌కు లక్షల మంది సభ్యులున్నారు. జనం పెరిగేకొద్దీ ఆ సైట్ నత్తనడక నడిచింది. పేజీ తెరుచుకునేలోపు మనిషి విసిగి వెళ్ళిపోయేవాడు. ఫేస్‌బుక్ ఒక్కో కాలేజీనే చేర్చుకుంటూ పోయింది. ఒక్కో కాలేజీకి వేరు డేటాబేస్ పెట్టారు. హార్వర్డ్ విద్యార్థి వెతికేది ఎక్కువగా హార్వర్డ్‌వాళ్ళనే కాబట్టి, ఒకచోటి భారం ఇంకోచోట పడలేదు. కొత్త సర్వర్‌కు సరిపడా డబ్బు చేతికొచ్చాకే కొత్త కాలేజీ తెరిచేవాళ్ళు. మొదటి సర్వర్ అద్దె నెలకు 85 డాలర్లు.

ఈ విస్తరణ పని ఎక్కువగా మోసింది జుకర్‌బర్గ్ గదిలోనే ఉండే డస్టిన్ మాస్కోవిట్జ్. అతనికి అప్పటికి ప్రోగ్రామింగ్ రాదు. పెర్ల్ అనే భాష మీద ఒక ప్రాథమిక పుస్తకం కొని, కొద్ది రోజుల్లో నేర్చుకుని వచ్చాడు. తీరా చూస్తే సైట్ రాసింది పీహెచ్‌పీ అనే వేరే భాషలో. మళ్ళీ దాన్నీ నేర్చుకున్నాడు. తర్వాత కాలేజీ వెంట కాలేజీ హాస్టళ్ళ జాబితాలు, కోర్సుల జాబితాలు, మెయిల్ చిరునామాల పద్ధతులు సేకరించి సైట్‌లోకి ఎక్కించాడు. విసుగు పుట్టించే ఆ పని ఓపిగ్గా జరగబట్టే 2004 ముగిసేసరికి సభ్యులు 10 లక్షలయ్యారు. సినిమాలో మాస్కోవిట్జ్ గది మూలన కూర్చునే కుర్రాడు మాత్రమే. అతను ఎవరి మీదా దావా వేయలేదు మరి.

సినిమాలో అందరికీ గుర్తుండిపోయే ఘట్టం సావరిన్ వాటా తగ్గిపోవడం. దీన్ని డైల్యూషన్ అంటారు. కంపెనీ కొత్త షేర్లు జారీ చేసినప్పుడు పాతవారి షేర్ల సంఖ్య మారకపోయినా, మొత్తంలో వారి శాతం తగ్గుతుంది. కంపెనీకి 100 షేర్లుండి మీ దగ్గర 30 ఉంటే మీ వాటా 30 శాతం. కంపెనీ ఇంకో 200 షేర్లు సృష్టించి వేరేవారికి ఇస్తే, మీ దగ్గర అవే 30 షేర్లు ఉంటాయి, వాటా మాత్రం 10 శాతానికి పడిపోతుంది. మీ జేబులోంచి ఎవరూ ఏమీ తీసుకోలేదు. అయినా మూడింట రెండు వంతులు పోయింది.

డైల్యూషన్ దానంతటది మోసం కాదు. బయటి పెట్టుబడి తీసుకున్న ప్రతి కంపెనీలోనూ జరుగుతుంది. 2004లో పీటర్ థీల్ అనే పెట్టుబడిదారు 5 లక్షల డాలర్లు పెట్టినప్పుడు అందరి వాటాలూ కొంత తగ్గాయి. తగువల్లా ఒక్కరి వాటాయే తగ్గి, మిగతావారికి కొత్త షేర్లతో ఆ లోటు పూడినప్పుడు వస్తుంది. సావరిన్ ఫిర్యాదు ఇదే. సినిమాలో అతని వాటా 34 శాతం చిల్లర నుంచి 0.03 శాతానికి పడిపోయినట్టు చూపారు. నిజంగా అంత అన్యాయం జరగలేదు. ఆయన వాటా 10 శాతం లోపుకు తగ్గింది. రాజీ తర్వాత సహవ్యవస్థాపకుడిగా ఆయన పేరు తిరిగి చేరింది. 2012 మేలో కంపెనీ స్టాక్ మార్కెట్‌లోకి వచ్చినప్పుడు ఆయన వాటా విలువ వంద కోట్ల డాలర్లు దాటింది.

సినిమా చెప్పని సగం కూడా ఉంది. 2004 వేసవిలో మిగతావారు కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఇల్లు అద్దెకు తీసుకుని రాత్రింబవళ్ళు పనిచేస్తుంటే సావరిన్ న్యూయార్క్‌లో ఉన్నాడు. కంపెనీ మొదట్లోనే వెస్టింగ్ ఏర్పాటు ఉండి ఉంటే ఈ గొడవ ఇంత ముదిరేది కాదు. వెస్టింగ్ అంటే వాటా ఒకేసారి చేతికి రాకుండా, పనిచేసిన కాలాన్ని బట్టి విడతలుగా సొంతం కావడం. నాలుగేళ్ళ గడువు పెట్టుకోవడం, మొదటి ఏడాది పూర్తికాకుండా వెళ్ళిపోతే ఏమీ రాదని రాసుకోవడం ఇప్పుడు ఆనవాయితీ. తెర మీద ద్రోహంగా కనిపించిన దాంట్లో సగం, రాసుకోవాల్సిన కాగితం రాసుకోకపోవడం.

ఇక ఆపిల్. గ్యారేజీ లేకుండా ఆపిల్ సినిమా లేదు. 2013 నాటి ‘జాబ్స్’ బృందం లాస్ ఆల్టోస్‌లో జాబ్స్ పెరిగిన అసలు ఇంటి గ్యారేజీకే వెళ్ళి చిత్రీకరించింది. ఇల్లు అసలుది, సామాను అలాంటిదే, నటుడు ఆష్టన్ కుచర్ నడక కూడా జాబ్స్‌దే. అక్కడ జరిగిందని చూపిన పని మాత్రం అక్కడ జరిగింది కాదు. గ్యారేజీ ఒక పుక్కిటి పురాణమని, డిజైన్ గానీ నమూనా తయారీ గానీ అక్కడ చేయలేదని 2014లో ఆపిల్ సహవ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ స్వయంగా చెప్పారు. ఆయన అప్పుడు హ్యూలెట్ ప్యాకర్డ్‌లో ఉద్యోగి. తొలి కంప్యూటర్‌ను డిజైన్ చేసింది తన అపార్ట్‌మెంట్‌లోనూ, సాయంత్రాలు ఆఫీసు బల్ల దగ్గరా. ఇంజనీరుకు జీతమిచ్చి, పరికరాలిచ్చి, తీరిక వేళల్లో సొంత పని చేసుకోనిచ్చిన ఒక పెద్ద సంస్థ ఆపిల్ పుట్టుకలో ఉంది. గ్యారేజీ బొమ్మ దాన్ని మరుగున పడేసింది.

‘పైరేట్స్ ఆఫ్ సిలికాన్ వ్యాలీ’కి పేరే తీర్పు. జిరాక్స్ పరిశోధనశాల నుంచి ఆపిల్, ఆపిల్ నుంచి మైక్రోసాఫ్ట్ దోచుకున్నాయన్నది దాని సారాంశం. కిటికీల్లాంటి తెరలు, మౌస్‌తో నడిచే కంప్యూటర్‌ను జాబ్స్ బృందం 1979 డిసెంబర్‌లో జిరాక్స్ పార్క్ అనే ఆ పరిశోధనశాలలో చూసిన మాట వాస్తవం. కానీ వాళ్ళు గోడ దూకి చూడలేదు. ఆపిల్ స్టాక్ మార్కెట్‌లోకి రాకముందే జిరాక్స్‌కు 10 లక్షల డాలర్ల విలువైన షేర్లు కొనుక్కునే అవకాశం ఇచ్చి, బదులుగా ఆ సందర్శన సంపాదించారు. ఏడాది తిరిగేసరికి ఆ షేర్ల విలువ 1.76 కోట్ల డాలర్లయింది. పైగా మౌస్ జిరాక్స్ కనిపెట్టింది కాదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం దాన్ని 1960లలోనే తయారు చేసి, 1968 డిసెంబర్ 9న బహిరంగంగా చూపించింది.

ఆ సందర్శన గురించి నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే వివరం ఇంకొకటి. ఆపిల్ ఇంజనీరు బిల్ అట్కిన్సన్, తెర మీద ఒక కిటికీ మీద ఇంకొకటి కప్పి ఉన్నప్పుడు పైదాన్ని జరిపితే కింది భాగం దానంతటదే మళ్ళీ గీసుకోవడం జిరాక్స్‌లో చూశాననుకున్నాడు. నిజానికి జిరాక్స్ యంత్రానికి అది చేతకాదు. చూశాననే నమ్మకంతో, సాధ్యమే కదా అన్న ధైర్యంతో, నెలల తరబడి కష్టపడి దాన్ని సాధించాడు. దొంగిలించిందని చెప్పే చోటే, అక్కడ లేనిదాన్ని కనిపెట్టడం జరిగింది. దోపిడీ అనే ఒక్క మాటతో కథ నడిపితే అట్కిన్సన్‌కు అందులో చోటు ఉండదు.

2015లో డానీ బాయిల్ తీసిన ‘స్టీవ్ జాబ్స్’ ఇంకో దారి పట్టింది. రచన మళ్ళీ సార్కినే. మూడు అంకాలు: 1984లో మెకింతోష్ విడుదల, 1988లో నెక్స్ట్ కంప్యూటర్, 1998లో ఐమాక్. ప్రతి అంకమూ వేదిక ఎక్కడానికి ముందు నలభై నిమిషాలు. ప్రతిసారీ అవే మనుషులు వచ్చి జాబ్స్‌తో వాదనకు దిగుతారు. ఇలా జరిగే అవకాశమే లేదని సినిమా ఆకారమే చెబుతుంది. మొదటి అంకాన్ని 16 ఎంఎం ఫిల్మ్ మీద, రెండోదాన్ని 35 ఎంఎం మీద, మూడోదాన్ని డిజిటల్‌లో తీశారు. ఆ వాదనలేవీ జరగలేదని వోజ్నియాక్ చెప్పారు, అయినా సినిమాను మెచ్చుకున్నారు. నేనూ ఆయన పక్షమే. కల్పన తాను కల్పననని తన ఆకారంతోనే ఒప్పుకుంటే ప్రేక్షకుడు మోసపోడు. నిజమైన గ్యారేజీలో జరగని పనిని చూపడం కన్నా ఇది నిజాయితీ.

పనిని తెర మీదకు తేగలిగిన సినిమా ఒకటి చెప్పాలి. ‘మైక్రో మెన్’ను బీబీసీ టెలివిజన్ కోసం తీసింది. 1980ల తొలినాళ్ళలో కేంబ్రిడ్జ్‌లో క్లైవ్ సింక్లెయిర్ కంప్యూటర్ కంపెనీకి, ఆయన దగ్గర పనిచేసి బయటికొచ్చిన క్రిస్ కర్రీ పెట్టిన ఏకార్న్‌కు మధ్య పోటీ దాని కథ. 1984 డిసెంబర్‌లో ఒక పబ్‌లో సింక్లెయిర్ చుట్టిన పేపర్‌తో కర్రీని కొట్టిన ఘటన ఇందులోనూ ఉంది. అయితే దానికి చాలా ముందు జరిగిన ఒక వారం కథ కూడా ఉంది. బీబీసీ తన కంప్యూటర్ విద్యా కార్యక్రమం కోసం ఒక యంత్రాన్ని వెతుకుతోంది. వాళ్ళు వచ్చి చూసేది శుక్రవారం. సోమవారం నాటికి ఏకార్న్ దగ్గర యంత్రం లేదు.

ఏకార్న్ భాగస్వామి హెర్మన్ హౌసర్ తన ఇంజనీర్లిద్దరికీ విడివిడిగా ఫోన్ చేశాడు. వారంలో అవుతుందని సోఫీ విల్సన్ అంటోందని స్టీవ్ ఫర్బర్‌తో, ఫర్బర్ అంటున్నాడని విల్సన్‌తో చెప్పాడు. ఇద్దరూ సరేనన్నారు. వారమంతా తీగలు చుట్టి నమూనా సిద్ధం చేశారు, శుక్రవారం తెల్లవారుజామున కూడా అది పనిచేయలేదు. నమూనాను ఇంకో యంత్రానికి కలుపుతున్న తీగను కత్తిరించి చూడమన్నాడు హౌసర్. కత్తిరించారు, పనిచేసింది. బీబీసీవాళ్ళు వచ్చేసరికి యంత్రం నడుస్తోంది. 12,000 అమ్ముడైతే గొప్పనుకున్న ఆ కంప్యూటర్ 10 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఈ వారం కథలో విలన్ లేడు, దావా లేదు. ఉత్కంఠకు కొదవా లేదు.

ఆ ఇద్దరే తర్వాత ఆర్మ్ అనే ప్రాసెసర్‌ను రూపొందించారు. ఆదేశాల పట్టిక విల్సన్‌ది, హార్డ్‌వేర్ నిర్మాణం ఫర్బర్‌ది. చౌకైన ప్లాస్టిక్ పెట్టెలో పట్టాలంటే చిప్ ఒక వాట్ లోపు కరెంటుతో నడవాలి. అంతకు మించితే ప్లాస్టిక్ ఆ వేడికి తట్టుకోదు. తొలి చిప్ 1985 ఏప్రిల్ 26న చేతికొచ్చింది, మొదటిసారే పనిచేసింది. ఎంత కరెంటు తాగుతోందో చూద్దామని ఫర్బర్ మీటర్ పెడితే సున్నా చూపించింది. వెతికితే తేలిందేమిటంటే, బోర్డు మీద చిప్‌కు కరెంటు కలపడమే మరిచారు. పక్క చిప్‌ల సంకేత తీగల్లోంచి జారి వచ్చే కాస్త కరెంటుతోనే అది నడుస్తోంది. మీ ఫోన్‌లో ఉన్న ప్రాసెసర్ దాదాపు తప్పకుండా ఆ వంశానిదే. ‘మైక్రో మెన్’ దీని దాకా పూర్తిగా రాలేదు. ఎవరైనా ఈ కథను ఆ మీటర్ దగ్గర మొదలుపెట్టి తీస్తే చూడాలని నాకు కోరిక.

స్పాటిఫై కథ చెప్పిన ‘ద ప్లేలిస్ట్’ ఇంకో మంచి ఉపాయం కనిపెట్టింది. ఆరు భాగాలు, ఒక్కో భాగం ఒక్కొక్కరి వైపు నుంచి: స్థాపకుడు, సంగీత సంస్థ అధికారి, లాయరు, ప్రోగ్రామర్, పెట్టుబడి పెట్టిన భాగస్వామి, గాయని. ప్రతి ఒక్కరూ ముందు భాగంలో చెప్పింది తప్పంటారు. చివరి గాయని కల్పిత పాత్ర. పాటలకు దక్కే డబ్బు సంగతి ఆమె ద్వారా వస్తుంది. ఒకే సంఘటనను రెండు భాగాల్లో రెండు రకాలుగా చూశాక, ఏ ఒక్కరి మాటనూ చరిత్రగా తీసుకోలేం. ఫేస్‌బుక్‌కు దక్కని న్యాయం స్పాటిఫైకి దక్కింది.

ఇంతకీ బతికున్న మనుషుల మీద వాళ్ళ అనుమతి లేకుండా ఇలా తీయవచ్చా? అమెరికాలో తీయవచ్చు. ప్రజాజీవితంలో ఉన్నవారు పరువునష్టం కింద గెలవాలంటే, అవతలివారు అబద్ధమని తెలిసి గానీ నిజానిజాలను బొత్తిగా లెక్కచేయకుండా గానీ చెప్పారని నిరూపించాలని 1960ల నుంచి అక్కడి సుప్రీంకోర్టు సూత్రం ఉంది. మన దేశంలో 1994 నాటి ఆర్. రాజగోపాల్ కేసులో, కోర్టు పత్రాలతో సహా బహిరంగ రికార్డుల్లో ఉన్న విషయాన్ని అనుమతి లేకున్నా ప్రచురించవచ్చని మన సుప్రీంకోర్టు చెప్పింది. రికార్డును దాటి వ్యక్తిగత జీవితంలోకి వెళ్తే చిక్కు మొదలవుతుంది. రచయితలు కోర్టు కాగితాలను పట్టుకుని వేలాడటానికి చట్టం కూడా ఒక కారణమని దీన్నిబట్టి తెలుస్తుంది. దావా పడిన చోట సంభాషణా దొరుకుతుంది, రక్షణా దొరుకుతుంది.

హైదరాబాద్‌లో 2015లో టీ-హబ్ అనే స్టార్టప్ కేంద్రం మొదలైన తర్వాత మన పిల్లలు కూడా పెద్ద సంఖ్యలో కంపెనీలు పెడుతున్నారు. వారిలో ఈ సినిమాలు చూడనివారు తక్కువ. వాళ్ళకు నేను చెప్పేది రెండే. సావరిన్ ఘట్టం చూశాక, మీ భాగస్వాములతో వెస్టింగ్ ఒప్పందం స్నేహం బాగున్నప్పుడే రాసుకోండి. రెండోది, పని గురించి రాసి పెట్టుకోండి. ఏ భాగం ఎవరు రాశారు, ఏ పద్ధతి ఎందుకు వదిలేశారు, ఏ రాత్రి ఏది పనిచేయలేదు అన్నవి తేదీ వేసి రాయండి. మెకింతోష్ బృందంలోని ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్ ఇరవై ఏళ్ళ తర్వాత కూర్చుని, తోటివారి జ్ఞాపకాలు పోగుచేసి ఆ పనే చేశారు, 2004లో పుస్తకంగా తెచ్చారు. ఆ కంప్యూటర్‌ను నిజంగా తయారు చేసినవాళ్ళ పేర్లు ఈనాడు మనకు తెలియడానికి ఆయన రాతలే ముఖ్య కారణం. మీ కంపెనీ చరిత్రను లాయర్ల చేతికి వదలకండి.